అటక దిగిన గ్యాసులైటు - పంపు కొడితే మళ్లీ పగలే

పలాస (మా విలేఖరి): ఒకప్పుడు ఊళ్లో పెళ్లి కుదిరిందంటే పందిరి తాటాకుల తరువాత అడ్వాన్సు ఇచ్చి ఖాయం చేసుకునేది గ్యాసులైట్లనే. ముహూర్తం అర్ధరాత్రి పడితే ఆ లైట్లు లేనిదే పురోహితునికి పంచాంగం కనపడదు, వంటవానికి గుండిగ కనపడదు, వియ్యాలవారికి తమకు జరిగే మర్యాద కనపడదు. కరెంటు స్తంభాలు వచ్చాయి, ట్యూబులైట్లు వచ్చాయి, జనరేటర్లు వచ్చాయి. గ్యాసులైటు అటక ఎక్కింది. దాని పక్కనే పంపు స్టవ్వు కూడా చేరింది. ఇప్పుడు వాటిని కిందికి దింపేది ఎక్కువగా పాతసామాన్ల బండివాడే. తూకం వేసి, ఇత్తడి ధర కట్టి పట్టుకుపోతున్నాడు.

ఆ బండి మీదకు పోవలసిన లైట్లను, స్టవ్వులను బాగుచేసి మళ్లీ వెలిగిస్తున్న మేస్త్రి ఒకరు ఉద్దానం ప్రాంతంలో ఉన్నారు. సైకిలు షాపు వెనుక రేకుల షెడ్డులో ఆయన పని. వయసు అరవై దాటింది. తన పేరు, ఊరు వేయవద్దని కోరారు. "పేరేస్తే జనం ఫ్యాన్లు, మిక్సీలు కూడా పట్టుకొచ్చేస్తారు బాబూ. నాకవి రావు" అన్నారు.

ఈ విలేఖరి ఆయన దగ్గరకు వెళ్లడానికి సొంత కారణం ఒకటున్నది. ఇంట్లో అటక మీద తాతగారి కాలం నాటి గ్యాసులైటు, పంపు స్టవ్వు ఉన్నాయి. రెండింటికీ పాతసామాన్ల బండివాడు బేరం పెట్టాడు. అమ్మాలా, ఉంచాలా అన్నది తేల్చుకోవడానికి వాటిని గోనెసంచిలో వేసుకొని వెళితే, మూడు రోజులు అక్కడే కూర్చోవలసి వచ్చింది.

జర్మనీ లైటు, స్వీడను స్టవ్వు

మనం గ్యాసులైటు అని పిలిచేదాని అసలు పేరు పెట్రోమాక్స్. జర్మనీ దేశంలో బెర్లిను నగరానికి చెందిన ఎరిష్ అండ్ గ్రెట్జ్ కంపెనీలో మాక్స్ గ్రెట్జ్ అనే ఆయన 1910 ప్రాంతంలో దీనిని రూపొందించారు. పెట్రోలియంలోని 'పెట్రో', తన పేరులోని 'మాక్స్' కలిపి ఆ పేరు వచ్చింది. తరువాత ఎన్నో కంపెనీలు అదే తరహా లైట్లు తయారుచేశాయి. ఎవరు చేసినా మన జనానికి అది పెట్రోమాక్సే.

పంపు స్టవ్వు అంతకంటే పాతది. స్వీడను దేశపు స్టాక్‌హోం నగరంలో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే పనివాడు 1892లో ప్రైమస్ స్టవ్వును తెచ్చారు. ఒత్తి లేకుండా, పొగ లేకుండా కిరసనాయిలుతో నీలిమంట మండించడం దాని ప్రత్యేకత. ఆ దేశాలలో దానిని వంటింట్లోనే కాదు, కొండలెక్కేవారు, మంచు ప్రాంతాలకు పోయేవారు వెంట తీసుకుపోయారు. 1911లో దక్షిణ ధ్రువం చేరిన ఆముండ్‌సెన్ బృందం వెంట ప్రైమస్ స్టవ్వులున్నాయి. మంచు కరిగించి నీళ్లు చేసుకోవాలంటే అదే దిక్కు.

1953 మే 29 తెల్లవారుజామున ఎవరెస్టు శిఖరం కింద, సుమారు 8,500 మీటర్ల ఎత్తున వేసిన గుడారంలో హిల్లరీ నిద్రలేచి చూసేసరికి ఆయన బూట్లు గడ్డకట్టి రాయిలా అయిపోయాయి. వాటిని ప్రైమస్ స్టవ్వు మంట మీద కాచి మెత్తబరచుకున్న తరువాతే ఆయన, టెన్సింగ్ శిఖరానికి బయలుదేరారు. అదే జాతి స్టవ్వు మీద మన తల్లులు టీలు కాచారు, చంటిపిల్లలకు పాలు వెచ్చబెట్టారు.

మన తీరపు ఇసుకకు, మాంటిల్‌కు చుట్టరికం

గ్యాసులైటులో వెలుగునిచ్చేది మంట కాదు, మంట చుట్టూ ఉండే వల. దానినే మాంటిల్ అంటారు. ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ అవర్ వాన్ వెల్స్‌బాక్ 1885లో దీనికి పేటెంటు పొందారు. 1891 నాటికి సరైన పాలు కుదిరింది. నూటికి 99 పాళ్లు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు. ఆ లవణాలలో ముంచి ఆరబెట్టిన గుడ్డసంచిని లైటుకు కట్టి కాలిస్తే గుడ్డ కాలిపోయి, లవణాల బూడిద మాత్రం అదే ఆకారంలో నిలుస్తుంది. వేడి తగిలితే అది తెల్లగా, కళ్లు చెదిరేట్టు వెలుగుతుంది. ముట్టుకుంటే మాత్రం రాలిపోతుంది.

ఆ థోరియం మోనజైటు అనే ఖనిజంలో ఉంటుంది. 1909లో షాంబెర్గ్ అనే జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు, తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరిపీచు తాళ్లకు అంటుకున్న ఇసుకలో మోనజైటును గుర్తించారు. ఆ తాళ్ల జాడ పట్టుకొని మణవాళకురిచి తీరానికి వచ్చారు. ఆనాడు ఆ ఇసుకకు గిరాకీ రావడానికి కారణం మాంటిళ్లే. మన శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు, కళింగపట్నం తీరపు ఇసుకలోనూ మోనజైటు ఉన్నది. ఎక్కడో ఐరోపాలో పుట్టిన లైటుకు, మన సముద్రపు ఒడ్డు ఇసుకకు ఇంత దగ్గర చుట్టరికం ఉందని మనలో చాలామందికి తెలియదు.

థోరియం రేడియోధార్మిక పదార్థం. లైటు దగ్గర కూర్చున్నంత మాత్రాన భయపడవలసినంత మోతాదు కాదు. కాని పాత మాంటిల్ బూడిదను ఊదరాదు, పీల్చరాదు, పిల్లల చేతికి ఇవ్వరాదు. తడిగుడ్డతో తీసి, పాతిపెట్టి, చేతులు కడుక్కోవాలి. ఇటీవలి మాంటిళ్లలో చాలావాటికి థోరియానికి బదులు ఇట్రియం వాడుతున్నారు.

లైటు మోసినవారు

మేస్త్రిగారు పదేళ్ల వయసులో గ్యాసులైట్లు అద్దెకిచ్చే షాపులో చేరారు. మొదటి పని అద్దాలు తుడవడం. రెండవ పని పంపు కొట్టడం. మాంటిల్ కట్టే పని నాలుగేళ్ల తరువాతగాని ఇవ్వలేదట. "మాంటిల్ పగిలితే ఆ పూట కూలి పోయినట్టే" అన్నారు.

ఊరేగింపు బయలుదేరితే వరుసగా లైట్లు నెత్తిన పెట్టుకొని నడిచేవారు కూలిజనం. చుట్టకుదురు మీద లైటు, లైటులో కిరసనాయిలు, పైన నిప్పు. మెడ తిప్పరాదు. వేడి నెత్తికి, చెవులకు తగులుతూ ఉంటుంది. వెలుగంతా పెళ్లికొడుకు మీద పడేది, మోసేవాని ముఖం మాత్రం చీకట్లో ఉండేది. భోజనాల వేళ వారి వంతు చివర వచ్చేది. ఈ సంగతి మేస్త్రిగారు ఫిర్యాదుగా చెప్పలేదు. అడిగితే చెప్పారు.

నాటకాలు, బుర్రకథలు, తప్పెటగుళ్లు జరిగే రాత్రుల్లో లైటు మనిషికి గౌరవం కాస్త ఎక్కువ. హరిశ్చంద్రుడు కాటిసీనులో రాగం తీస్తూ ఉండగా వెలుగు ఎర్రబడితే, లైటు మనిషి స్టేజీ ఎక్కి పంపు కొట్టేవాడు. "రాజుగారు పద్యం ఆపి నా వంక చూసేవారు. నేను పంపు కొట్టి దిగగానే జనం వన్సుమోరు కొట్టేవారు. అది పద్యానికో, పంపుకో ఇప్పటికీ తెలియదు బాబూ" అని ఆయన నవ్వారు.

తుపాను రాత్రి గుర్తొచ్చిన లైటు

ఈ పాతవస్తువులతో ఇప్పుడేమి పని అనేవారికి ఉద్దానం ప్రజలు చెప్పే సమాధానం ఒకటే - తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన ఆ తుపాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. స్తంభాలు విరిగి, తీగలు తెగి ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫోన్లకు చార్జింగు లేదు. చెట్లు పడి రోడ్లు మూసుకుపోవడంతో గ్యాసు బండ రాలేదు. కట్టెలు తడిసి మండలేదు.

ఆ రాత్రుల్లో తన షెడ్డులోని మూడు లైట్లు వెలిగించి, ఒకటి జనం తలదాచుకున్న బడిలో, ఒకటి బోరింగు దగ్గర, ఒకటి నాలుగు వీధుల కూడలిలో పెట్టామని మేస్త్రిగారు చెప్పారు. రెండు పంపు స్టవ్వుల మీద బడిలో గంజి కాచారు. ఆ వారం దాటాక చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ అటకలు వెతకడం మొదలుపెట్టారు. అప్పటి నుంచే ఆయనకు మళ్లీ పని వచ్చింది.

ఇప్పుడు సోలారు దీపాలు, చార్జింగు లైట్లు చవకగా దొరుకుతున్నాయి. రోజువారీ అవసరానికి అవే మేలని మేస్త్రిగారే అంటారు. నాలుగు రోజులు ఎండ లేక, కరెంటు లేక అవి చల్లబడినప్పుడు రెండవ దారిగా ఇది ఉంటే మంచిదని ఆయన మాట.

పాత లైటును లేపేది ఇలా

అటక మీద నుంచి దింపగానే కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీయడం అన్నిటికంటే పెద్ద తప్పు. మేస్త్రిగారి పద్ధతి ఇలా సాగుతుంది.

మొదట మూత తీసి లోపల ఉన్నది పూర్తిగా వంచేయాలి. ఏళ్ల తరబడి నిలిచిన కిరసనాయిలు బంకలా మారుతుంది. కొత్త కిరసనాయిలు కొద్దిగా పోసి, కుదిపి, వంచి, మళ్లీ పోసి కడగాలి. తుప్పు పొడి, చీమలు, ఒక్కోసారి సాలెగూళ్లు కూడా వస్తాయి.

రెండవది పంపు. పంపు కడ్డీ చివర గిన్నె ఆకారపు తోలు వాషరు ఉంటుంది. ఎండి ముడుచుకుపోతే ఎంత కొట్టినా గాలి దిగదు. చాలామంది ఇక్కడే లైటు చెడిపోయిందని పారేస్తారు. వాషరును మిషను నూనెలో ఒక రాత్రి నానబెట్టి, అంచులు వేలితో విప్పి, గిన్నె మూతి కిందికి ఉండేలా బిగిస్తే చాలు. ఈ విలేఖరి తెచ్చిన లైటుకున్న రోగాలలో సగం ఇదే.

మూడవది పంపు గొట్టం అడుగున ఉండే చిన్న వాల్వు. గాలిని లోనికి పోనిచ్చి, వెనక్కి రానివ్వకుండా ఆపేది అదే. పంపు కొట్టి వదిలితే కడ్డీ తనంతట తాను పైకి లేస్తున్నా, పంపు గొట్టంలోకి కిరసనాయిలు ఊరుతున్నా ఆ వాల్వులోని రబ్బరు పోయినట్టు లెక్క. మార్చకుండా వెలిగించరాదు. కిరసనాయిలు పంపు గుండా బయటకు వచ్చి మంటకు అందుతుంది.

నాలుగవది నీటి పరీక్ష. కిరసనాయిలు లేకుండా పంపు కొట్టి, ట్యాంకును బకెట్టు నీళ్లలో ముంచాలి. సైకిలు ట్యూబుకు పంక్చరు చూసినట్టే. బుడగలు మూత దగ్గర వస్తే వాషరు మార్చాలి. అతుకు దగ్గర వస్తే టంకం వేయాలి. ట్యాంకులో ఆవిరి మిగిలి ఉండగా టంకం కడ్డీ పెడితే ప్రాణానికే ముప్పు. సోడా నీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగి, ఆరబెట్టి, మూత తీసి ఉంచి మాత్రమే ఆ పని చేయాలి. ట్యాంకు ఉబ్బి ఉన్నా, అడుగు సొట్టపడి పగుళ్లు వచ్చినా దానిని బాగుచేయడం మాని షోకేసులో పెట్టుకోవడం మంచిది.

అయిదవది జెట్టు. కిరసనాయిలు ఆవిరి సన్నని ధారగా దూసుకువచ్చే రంధ్రమది. మసి పట్టి మూసుకుపోతే స్టవ్వు పిన్నుతో నిదానంగా తీయాలి. గుండుసూది, సైకిలు పుల్ల పెట్టి పొడిస్తే రంధ్రం వెడల్పవుతుంది. ఆ తరువాత నీలిమంట రాదు, పసుపు మంట వచ్చి గిన్నెలన్నీ మసిబారుతాయి. పెట్రోమాక్సులో చక్రం తిప్పితే లోపలి సూది పైకి లేచి జెట్టును శుభ్రం చేసే ఏర్పాటు ఉన్నది. అది వంగిపోయిందేమో చూసుకోవాలి.

మెరుగు పెట్టడం చివరి పని. ఇత్తడికి మనకు తెలిసిన చింతపండే మందు. పులుసు రుద్ది, వెంటనే కడిగి, తుడిచి ఆరబెట్టాలి. నికెలు పూత ఉన్న లైటుకు మాత్రం పులుపు, ఇసుక, కొబ్బరిపీచు ఏవీ తగలరాదు. సబ్బు నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. గరుకు కాగితంతో గీస్తే పూతతో పాటు కంపెనీ ముద్ర కూడా పోతుంది. పాత వస్తువులు కూడబెట్టేవారు ముందు చూసేది ఆ ముద్రనేనని మేస్త్రిగారు చెప్పారు.

వెలిగించేవేళ

పని జరిగే తీరు తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. పంపు కొట్టిన గాలి ట్యాంకులోని కిరసనాయిలును గొట్టం గుండా పైకి నెడుతుంది. వేడెక్కిన గొట్టంలో అది ఆవిరవుతుంది. ఆ ఆవిరి జెట్టు నుంచి వచ్చి, గాలితో కలిసి మండుతుంది. ఆ మంటే మళ్లీ గొట్టాన్ని వేడిగా ఉంచుతుంది. అందుచేత మొదట బయటి నుంచి కొంత వేడి ఇవ్వక తప్పదు. గిన్నెలో స్పిరిట్టు పోసి ముట్టించేది అందుకే.

స్పిరిట్టు దాదాపు అయిపోయేదాకా ఓపిక పట్టాలి. గొట్టం వేడెక్కకముందే పంపు కొడితే ఆవిరికి బదులు పచ్చి కిరసనాయిలు చిమ్ముతుంది, మంట మూరెడు ఎత్తు లేస్తుంది. అలా జరిగితే కంగారుపడి నీళ్లు పోయరాదు. గాలిమర విప్పితే ఒత్తిడి పోయి మంట తగ్గుతుంది. మండుతున్న గిన్నెలో మళ్లీ స్పిరిట్టు పోయడం చేయి కాల్చుకోవడమే.

ట్యాంకును ముప్పావు భాగం మించి నింపరాదు. గాలికి చోటు కావాలి. లీటరు ట్యాంకున్న పెద్ద పెట్రోమాక్స్ ఒకసారి నింపితే సుమారు ఎనిమిది గంటలు వెలుగుతుంది. ఆరుబయటగాని, కిటికీలు తెరిచిన గదిలోగాని వాడాలి. తలుపులు మూసిన గదిలో కంటికి కనపడని విషవాయువు నిండుతుంది. నిద్రపోయే గదిలో అసలే పెట్టరాదు.

పెట్రోలు పోస్తే అది బాంబే

రేషను షాపులో నీలం రంగు కిరసనాయిలు డబ్బాలతో క్యూ కట్టిన రోజులు పోయాయి. బయట దొరికే తెల్ల కిరసనాయిలు ఖరీదెక్కువ, అన్నిచోట్లా దొరకదు. ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. బైకులో నుంచి కాస్త పెట్రోలు తీసి కలిపేవారు, ట్రాక్టరు డీజిలు పోసేవారు బయలుదేరారు. ఆ మధ్య ఒక కుర్రవాడు బాగుచేయమని తెచ్చిన స్టవ్వు మూత తీయగానే పెట్రోలు వాసన వచ్చిందని, దానిని ఇంటికి తీసుకుపోనివ్వకుండా అక్కడే వంచేసి పంపానని మేస్త్రిగారు చెప్పారు.

కిరసనాయిలు ఆవిరి నిప్పు అందుకోవాలంటే నూనె కనీసం 35 డిగ్రీల వేడికి రావాలన్నది మన దేశపు ప్రమాణం. పెట్రోలుకు ఆ అవసరం లేదు. మంచు గడ్డకట్టే చలిలో కూడా దాని ఆవిరి నిప్పందుకుంటుంది. స్టవ్వు ట్యాంకు వెచ్చబడేసరికి పెట్రోలు లోపలే ఆవిరై ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. విదేశాల్లో పెట్రోలుతో మండే చిన్న గుడారపు స్టవ్వులున్న మాట నిజం. స్వీడనువారి స్వియా 123, అమెరికావారి కోల్‌మన్ అటువంటివి. వాటిని ఆ ఇంధనానికే కట్టారు. మన కిరసనాయిలు స్టవ్వు వేరు. డీజిలు పోస్తే పేలకపోవచ్చుగాని గొట్టమంతా మసి పట్టి, పసుపు మంటతో గది పొగచూరుతుంది.

'స్టవ్వు పేలింది' అన్న మాట

స్టవ్వు గురించి రాస్తూ మరొక సంగతి రాయకపోతే తప్పవుతుంది. 1970, 80 దశకాల్లో పత్రికల జిల్లా పేజీలలో 'స్టవ్వు పేలి గృహిణి మృతి' అన్న వార్త తరచు కనిపించేది. వాటిలో నిజమైన ప్రమాదాలు ఉన్నాయి. స్టవ్వు పేరు చెప్పి కప్పిపుచ్చిన వరకట్నపు చావులూ ఉన్నాయి. మహిళా సంఘాలు గొంతెత్తిన తరువాత 1983లో శిక్షాస్మృతిలో 498-ఎ, 1986లో 304-బి సెక్షన్లు చేర్చారు. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి.

మేస్త్రిగారు కుర్రతనంలో ఉండగా, ఒకసారి పోలీసులు ఒక స్టవ్వు తెచ్చి పేలిందా అని అడిగారట. "ట్యాంకు పగల్లేదు. మూత బిగించినట్టే ఉంది. అతుకు విడలేదు. పంపు కొడితే గాలి నిలిచింది. ఇది పేలలేదు సార్ అని చెప్పాను. రాసుకున్నారు. తరువాత కేసేమైందో నాకు తెలియదు. ఆ అమ్మాయి మా చెల్లి ఈడుది" అని చెప్పి, చేతిలోని పిన్నును గుడ్డతో తుడుస్తూ కొంతసేపు మాట్లాడలేదు.

స్టవ్వు పేలితే ఆ గుర్తు దాని మీద ఉండి తీరుతుందని ఆయన చెబుతారు. ట్యాంకు ఉబ్బుతుంది, అతుకు చీలుతుంది, మూత ఎగిరిపోతుంది. ఆ సమయంలో ఎవరూ అడగకపోయినా, ఇనుము, ఇత్తడి అబద్ధం చెప్పవు.

ఈ విలేఖరి తల్లి కుడిచేతి మీద కూడా కాలిన మచ్చ ఉన్నది. అది నిజమైన ప్రమాదమే. వేడి స్టవ్వు చల్లారకముందే మూత తీసి కిరసనాయిలు పోయబోతే ఆవిరి భగ్గుమన్నది. ఆ రోజు నుంచే ఆ స్టవ్వు అటకెక్కింది. మేస్త్రిగారు దానిని తిప్పి చూసి, "స్టవ్వులో లోపం లేదు. తొందరలో ఉంది. అయినా మీ అమ్మగారు వద్దంటే వాడకండి. భయపడిన చేతికి స్టవ్వు ఇవ్వకూడదు" అన్నారు.

నేర్చుకునేవారు లేరు

విదేశాల్లో పాత స్టవ్వులు, లైట్లు కూడబెట్టడం కొందరికి పెద్ద సరదా. బాగుచేసి, గుడారాలు వేసుకునే చోటికి తీసుకుపోయి వాడతారు. మన దగ్గర కూడా పట్టణాలలో కొందరు వీటి విలువ తెలిసి కొనిపెట్టుకుంటున్నారు. పల్లెవాడు ఇత్తడి తూకానికి అమ్మినదే పట్నంలో పురాతన వస్తువుగా మళ్లీ అమ్ముడవుతున్నది. అందుచేత అమ్మదలచినవారు కూడా తూకానికి ఇవ్వకుండా, ముద్ర, భాగాలు సరిగా ఉన్నాయేమో చూసుకొని అమ్మడం లాభం.

మాంటిళ్లు, తోలు వాషర్లు, పిన్నులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. దొరకనిది పని నేర్చుకునే మనిషి. మేస్త్రిగారి కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. సైకిలు షాపు కుర్రవానికి నీటి పరీక్ష వరకు నేర్పారు. మాంటిల్ కట్టడం ఇంకా నేర్పలేదు. "ఎందుకు?" అని అడిగితే, "నాలుగేళ్లు కాలేదు కదా" అన్నారు. పంచాయతీలు తుపాను సామగ్రిలో తాళ్లు, రంపాలతో పాటు ఇటువంటి లైట్లు రెండయినా బాగుచేయించి ఉంచితే, ఆ నాలుగేళ్లు గడిచేలోగా పని కుర్రవాని చేతికి వస్తుందని పలువురు గ్రామస్థులు అభిప్రాయపడుతున్నారు.

మూడవ రోజు సాయంత్రం ఈ విలేఖరి లైటుకు కొత్త వాషరు, కొత్త మాంటిల్ పడ్డాయి. కూలిగా మేస్త్రిగారు అడిగింది సామాన్ల ఖరీదు, పైన ఒక పూట టీ. ఇంటికి తెచ్చి, పెరట్లో గట్టు మీద పెట్టి, ఆయన చెప్పినట్టే స్పిరిట్టు అయిపోయేదాకా ఆగి పంపు కొట్టగా, లైటు బుసకొట్టి తెల్లగా వెలిగింది. నూతి గిలక, బాదం చెట్టు, పక్కింటి గోడ మీద పిల్లి, అన్నీ కనిపించాయి. పక్కిళ్ల పిల్లలు చేరారు. మా అమ్మ గుమ్మంలోనే నిలబడి చూసింది. చాలాసేపటికి రెండడుగులు ముందుకు వచ్చి, "మీ తాత దీన్ని చూరుకు కట్టేవాడురా, కింద పెట్టేవాడు కాదు" అన్నది. మరికొంతసేపటికి, "ఇక ఆపు. కిరసనాయిలు ఎంత పిరమో తెలుసా" అన్నది.

గాలిమర విప్పితే వెలుగు మెల్లగా ఎర్రబడి ఆరిపోయింది. లైటును అమ్మలేదు. చూరుకు కొక్కెం వేయించవలసి ఉన్నది.